శరణార్థి కుటుంబాలకు తోడు నిలవడం ఎలా: హైదరాబాద్ వాసులకు ఒక సమగ్ర మార్గదర్శి

రంజాన్ నెలలో బాలాపూర్, షాహీన్ నగర్ ప్రాంతాల్లో, మయన్మార్ (పాత పేరు బర్మా) నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థుల బస్తీలకు బియ్యం, ఖర్జూరాలు, దుప్పట్లు తీసుకువెళ్ళే దాతలకు ఎన్నడూ కొదవ లేదు. మంగళవారం ఉదయం పదకొండు గంటలకు మండల విద్యాధికారి కార్యాలయంలో ఒక తల్లి పక్కన నిలబడి, తెలుగులో అర్జీ రాసి, దాని రెండో ప్రతి మీద అందినట్టు తెలిపే ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకొని వచ్చే మనిషికి మాత్రం ఎప్పుడూ కొదవే. ఈ మార్గదర్శి ఆ రెండో పని చేయదలచిన వారి కోసం రాసినది. దీనికి సంస్థ, కార్యాలయం, పెద్ద నిధులు అక్కరలేదు. వారానికి ఒక పూట వెచ్చించగల ఐదారుగురు ఇరుగుపొరుగువారు, వారిలో అర్జీ రాయగల ఒకరు, ఉర్దూ బాగా వచ్చిన ఒకరు, సాధ్యమైతే ఒక న్యాయవాది ఉంటే చాలు.

ప్రాణభయంతో ఉన్న చోటు వదిలి రావడమనే అనుభవం తెలుగువారికి పరాయిది కాదు. రంగం (బర్మా) పోయి సంపాదించుకుందామని ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కినవారు 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడిన తరువాత కట్టుబట్టలతో వెనక్కి వచ్చారు. చాలామంది కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు. 1960లలో బర్మా ప్రభుత్వం దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేసినప్పుడు మరో విడత తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు నేటికీ ఉంది. అప్పటి మనవారికి వచ్చి చేరడానికి తమదైన దేశం ఒకటి ఉన్నది. తమను పౌరులుగా గుర్తించని 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టం తరువాత రోహింగ్యాలకు అది కూడా లేకపోయింది.

ముందుగా, ఎవరు ఎవరో తెలుసుకోవాలి

బస్తీలో అందరినీ ఒకే మాటతో పిలవడం మొదటి పొరపాటు. ఎవరికి ఏ తలుపు తెరుచుకుంటుందన్నది వారి చేతిలోని కాగితాన్ని బట్టి ఉంటుంది. బీహార్, ఒడిశా, పశ్చిమ బెంగాల్‌ల నుంచి వచ్చిన నిర్మాణ కూలీలు ఈ దేశ పౌరులు. ఆ రాష్ట్రాల్లోని రేషన్ కార్డుతోనే వారు ఇక్కడి చౌకధరల దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు. యెమెన్, సూడాన్, సోమాలియాల నుంచి చదువుకోవడానికి వచ్చినవారు వీసా మీద ఉంటారు. నూట ఎనభై రోజులకు మించిన వీసా అయితే వచ్చిన పద్నాలుగు రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయం వద్ద ఆన్‌లైన్‌లో నమోదు కావాలి. సొంత దేశంలో యుద్ధం మొదలై వీసా గడువు ముగిసిన విద్యార్థి పరిస్థితి వేరు. మయన్మార్ నుంచి 2012, 2017 హింసాకాండల సమయంలో ప్రాణభయంతో వచ్చినవారి పరిస్థితి ఇంకా వేరు.

శరణార్థులకు సంబంధించిన 1951 ఒడంబడికపై గానీ, 1967 ప్రొటోకాల్‌పై గానీ భారత్ సంతకం చేయలేదు. వారి కోసం ప్రత్యేక చట్టమూ లేదు. టిబెట్, శ్రీలంకల నుంచి వచ్చినవారి వ్యవహారాలను కేంద్ర ప్రభుత్వమే చూస్తుంది. మయన్మార్, ఆఫ్ఘానిస్తాన్, మరికొన్ని దేశాలవారిని ఢిల్లీలోని ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ నమోదు చేసుకొని కార్డు ఇస్తుంది. బస్తీలో దానిని యూఎన్ కార్డు అంటారు. ఆ కార్డు వీసా కాదు, నివాస హక్కు కాదు. ఆ సంస్థ సేవలన్నీ ఉచితమే కనుక, కార్డు ఇప్పిస్తామనో అమెరికా పంపిస్తామనో డబ్బు అడిగేవారందరూ మోసగాళ్ళేనని మొదటి రోజే బస్తీలో చెప్పండి.

చట్టం ఎక్కడ గీత గీసిందో తెలిసి నడవండి

1920, 1939, 1946 నాటి పాత చట్టాల స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం అమలులో ఉంది. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా ప్రవేశించిన వారికి ఐదేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా ఈ చట్టం విధించగలదు. దొంగ పత్రాలు వాడితే శిక్ష రెండేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా ఉంటుంది. అందువల్ల మీ బృందం రాసి పెట్టుకోవలసిన మొదటి నియమం ఒక్కటే: ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, పాన్ కార్డు వంటివి ఇప్పించే ప్రయత్నంలో మీరు వేలు పెట్టకూడదు, పెట్టేవారిని ప్రోత్సహించకూడదు. జాలిపడి చిరునామా ఇచ్చినవారు, సంతకం చేసినవారు తామూ చిక్కుల్లో పడతారు, ఆ కుటుంబాన్నీ జైలు దాకా తీసుకుపోతారు. పని కోసం, సిమ్ కార్డు కోసం దళారి దగ్గర కొన్న ఒక్క కార్డు ఒక కుటుంబాన్ని చెల్లాచెదురు చేయగలదు.

రెండో నియమం ఇంటి యజమానులకు సంబంధించినది. విదేశీయులకు గది అద్దెకు ఇచ్చినవారు ఆ సమాచారాన్ని ఇరవై నాలుగు గంటల్లోపు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఇన్నాళ్ళూ దీనినే సి-ఫారం అని పిలిచేవారు. దాచడం వల్ల అద్దెదారుకు రక్షణ ఏమీ రాదు. తెలియజేసిన రుజువు చేతిలో ఉంటే యజమానికీ అద్దెదారుకూ నిశ్చింతగా ఉంటుంది.

ఇక గీతకు ఇవతలి వైపు ఏముందో చూడాలి. రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలు పౌరులకు మాత్రమే కాక ‘వ్యక్తి’ అనదగిన ప్రతివారికీ వర్తిస్తాయి. అరుణాచల్ ప్రదేశ్‌లో శరణార్థులుగా ఉన్న చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఈ మాటనే స్పష్టంగా చెప్పింది. అయితే 2021 ఏప్రిల్‌లో జమ్మూలోని రోహింగ్యాల విషయంలో అదే కోర్టు, దేశంలో ఉండే హక్కు పౌరులకే చెందుతుందని, నిర్దేశిత ప్రక్రియ పాటించి వెనక్కి పంపవచ్చని అభిప్రాయపడింది. ఈ రెంటినీ కలిపి చెప్పండి. ఒకటే చెప్పి ధైర్యపరచడం గానీ, రెండోది చెప్పి హడలగొట్టడం గానీ మేలు చేయదు.

మొదటి నెల వినడానికే

బస్తీకి ఒక పెద్దమనిషి ఉంటాడు. బయటివారు అతనితోనే మాట్లాడి వెళ్ళిపోతారు. అతనిని కలవడం మర్యాద, అక్కడే ఆగిపోవడం లోపం. స్త్రీలతో స్త్రీలే కూర్చోవాలి, మగవారు పనికి పోయిన వేళ చూసుకోవాలి. రోహింగ్యా భాష బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ ప్రాంతపు మాటకు దగ్గరగా ఉంటుంది. కొన్నేళ్ళుగా నగరంలో ఉన్నవారు మన హైదరాబాదీ ఉర్దూ నేర్చుకున్నారు గానీ, ఇంట్లోనే ఉండే స్త్రీలలో చాలామందికి అది పూర్తిగా పట్టుబడదు. పిల్లలు చురుకుగా మాట్లాడతారు కదా అని వారిని దుబాసీలుగా వాడకండి. తల్లి తన గర్భస్రావం గురించి తొమ్మిదేళ్ళ కొడుకు ద్వారా డాక్టరుకు చెప్పలేదు.

ఫోటోలు తీయకండి. తీసినా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ముఖం కనిపించే ఒక్క వీడియోను ఎవరో వేరే శీర్షికతో తిప్పితే, మరునాడు ఆ గుడిసెల యజమాని ఖాళీ చేయమంటాడు.

కుటుంబానికి ఒక ఫైలు

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విలువైనది ముప్పై రూపాయల ప్లాస్టిక్ ఫోల్డర్. గుడిసెల్లో అగ్నిప్రమాదాలు, వాన నీళ్ళు మామూలే. కాగితాలు మూరెడు గుడ్డలో చుట్టి తలగడ కింద పెట్టుకుంటారు. ప్రతి కాగితానికీ జిరాక్స్ తీయించి, అసలు ప్రతి కుటుంబం దగ్గరే ఉంచి, నకలు ఒకటి వారి అనుమతితోనే మీ దగ్గర ఉంచండి. యూఎన్ కార్డు గడువు తేదీని మీ రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసుకోండి. గడువుకు ముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేయించాలి.

తొలి ఏడాది మా బృందం చేసిన పెద్ద తప్పు పేర్ల విషయంలో జరిగింది. ఒక అమ్మాయి పేరు యూఎన్ కార్డులో ‘నూర్ కలీమా’, టీకాల కార్డులో ‘నూరుకలిమ’, ఆసుపత్రి ఓపీ చీటీలో ఒట్టి ‘కలీమా’. తండ్రి పేరు ముందున్న మహమ్మద్‌ను కౌంటరులోని గుమాస్తా మన ఊరి అలవాటు ప్రకారం ‘ఎండీ’ అని కుదించాడు. వారిలో ఇంటిపేరు లేదు. దరఖాస్తులో ఆ గడి ఖాళీగా ఉంచకూడదని మాలో ఒకరు తాత పేరు అందులో రాశారు. అలా ఒకే పిల్లకు నాలుగు పేర్లయ్యాయి. పుట్టిన తేదీ తెలియని చోట ‘జనవరి 1’ అని నమోదు చేయడం శరణార్థుల కాగితాల్లో మామూలు కనుక, ఆ ఇంట్లో నలుగురు ఒకే రోజు పుట్టినవారుగా కనిపించారు. వాటిని సరిచేయడానికి ఏడు నెలలు పట్టింది. కాబట్టి యూఎన్ కార్డులోని అక్షరాలనే ప్రమాణంగా తీసుకొని, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఒక చీటీ మీద రాసి ఫోల్డరు లోపలి వైపు అతికించండి. ఏ కౌంటరు దగ్గరైనా నోటితో పేరు చెప్పకుండా ఆ చీటీ చూపమని ఇంట్లోవారికి అలవాటు చేయండి.

బడిలో చేర్చడం

ఫలితం త్వరగా కనిపించేది ఇక్కడే కనుక కొత్త బృందం ఈ పనితోనే మొదలుపెట్టడం మంచిది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య ఉన్న ‘ప్రతి బిడ్డ’ అంటుంది, పౌరుడి బిడ్డ అనదు. వయసు ధ్రువపత్రం లేదనే కారణంతో చేర్చుకోకపోవడం కుదరదని 14వ సెక్షన్ చెబుతుంది. ఆసుపత్రి లేదా ఏఎన్‌ఎం (ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం నర్సు) రిజిస్టరు, అంగన్‌వాడీ రికార్డు, అవేవీ లేకపోతే తల్లిదండ్రుల లిఖితపూర్వక ప్రకటన కూడా వయసుకు ఆధారమే. ఎన్నడూ బడికి పోని పదేళ్ళ పిల్లను ఒకటో తరగతిలో కాక వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతుంది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రోహింగ్యా పిల్లల విషయంలో, ముందు బడికి వెళ్ళి ప్రవేశం అడగాలని, నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్ళవచ్చని చెప్పింది. అంటే ‘అడిగినట్టు’ రుజువు లేనిదే తరువాతి మెట్టు లేదు.

జూన్‌లో బడిబాట కార్యక్రమం జరిగే రోజుల్లో ఉపాధ్యాయులే పిల్లలను వెతుక్కుంటూ తిరుగుతారు. అప్పుడే వారిని బస్తీకి తీసుకురండి. ప్రధానోపాధ్యాయుల దగ్గరకు తల్లితోపాటు వెళ్ళండి, తల్లినే మాట్లాడనివ్వండి. అర్జీ ఒక పేజీ దాటకూడదు. పిల్ల పేరు, వయసు, కోరిన మాధ్యమం, 14వ సెక్షన్ ప్రస్తావన, తల్లి వేలిముద్ర లేదా సంతకం, తేదీ ఉంటే సరిపోతుంది. రెండు ప్రతులు తీసుకువెళ్ళి ఒకదాని మీద ‘అందినది’ అని రాయించుకోండి.

సాధారణంగా పని ఆగేది ఆన్‌లైన్ నమోదులోని ఆధార్ గడి దగ్గర. ఉపాధ్యాయులను తప్పుపట్టడం వల్ల లాభం లేదు; పై నుంచి అడిగేది వారినే. 2018 సెప్టెంబరులో ఆధార్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు బడి ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి కాదన్నదని, ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని ఆధార్ సంస్థ కూడా అదే నెలలో సర్క్యులర్ ఇచ్చిందని మర్యాదగా చెప్పి, వాటి నకళ్ళు అర్జీకి జతచేయండి. నా అనుభవంలో వాదన కంటే జతచేసిన కాగితం ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే రేపు ఎవరైనా అడిగితే చూపడానికి ప్రధానోపాధ్యాయులకు కూడా ఏదో ఒకటి కావాలి.

అప్పటికీ కాకపోతే, బస్తీ రంగారెడ్డి జిల్లాలో ఉంటే మండల విద్యాధికారికి, హైదరాబాద్ జిల్లాలో ఉంటే డిప్యూటీ ఐఓఎస్‌కు (డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్), తరువాత జిల్లా విద్యాధికారికి రాయండి. రోడ్డుకు ఇవతల ఒక జిల్లా, అవతల మరో జిల్లా ఉండే చోట్లు అక్కడ చాలా ఉన్నాయి కనుక బడి ఏ మండలంలోకి వస్తుందో ముందే కనుక్కోండి. విద్యాహక్కు చట్టంలోని 32వ సెక్షన్ కింద లిఖిత ఫిర్యాదుపై స్థానిక అధికార సంస్థ మూడు నెలల్లో నిర్ణయం చేయాలి. ఆపైన రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

మాధ్యమం గురించి తల్లిదండ్రులకు తొందరపడి సలహా ఇవ్వకండి. ఉర్దూ మాధ్యమం సులువనిపిస్తుంది, ఇంగ్లీషు మాధ్యమం మీద ఆశ ఉంటుంది. ఏది ఎంచుకున్నా 2018 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం బడిలో తెలుగు నేర్పవలసిందే. ఆ ఇంట్లో బస్సు బోర్డు చదవగలిగే మొదటి వ్యక్తి చాలాసార్లు ఆ పిల్లే అవుతుంది.

ఆసుపత్రి, జనన ధ్రువపత్రం

జ్వరానికి, బీపీకి, షుగరుకు బస్తీ దవాఖానా, కాన్పుకు పేట్లబుర్జు లేదా సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రి, పసిపిల్లలకు నిలోఫర్. ఈ దారి కుటుంబానికి ఒకసారి నడిచి చూపించండి. ఏ గేటు, ఓపీ చీటీ ఎక్కడ, మందుల కిటికీ ఎక్కడ అన్నవి చెబితే గుర్తుండవు. గర్భిణి పేరు మూడో నెలలోపే ఆశా కార్యకర్త ద్వారా నమోదు చేయించి తల్లీబిడ్డల కార్డు తీసుకోండి. క్షయ వ్యాధికి పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఆరోగ్యశ్రీ విషయంలో మాత్రం ఆశ పెట్టకండి. అది రేషన్ కార్డుతో ముడిపడినది. పెద్ద శస్త్రచికిత్స అవసరమైతే ప్రభుత్వ బోధనాసుపత్రిలోనే ప్రయత్నించాలి.

ఇంట్లో కాన్పు వద్దని గట్టిగా చెప్పడానికి ఆరోగ్యం ఒక కారణమైతే, జనన నమోదు రెండో కారణం. 1969 నాటి జనన, మరణాల నమోదు చట్టం ప్రకారం ఈ నేల మీద జరిగిన ప్రతి జననమూ ఇరవై ఒక్క రోజుల్లో నమోదు కావాలి. ఆసుపత్రి కాన్పయితే ఆసుపత్రే సమాచారం పంపుతుంది. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. డిశ్చార్జి రోజునే పేర్ల స్పెల్లింగు సరిచూడండి. అయితే ఈ పత్రంతో పౌరసత్వం రాదని కూడా చెప్పాలి. 2004 డిసెంబరు 3 తరువాత పుట్టినవారికి తల్లిదండ్రులలో ఒకరు పౌరులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉంటేనే జన్మతః పౌరసత్వం వస్తుంది.

కూలి

శరణార్థులకు ఇక్కడ పని చేసే హక్కును ఏ చట్టమూ ప్రత్యేకంగా ఇవ్వలేదు కనుక వారు చిత్తుకాగితాలు ఏరడం, అడ్డా కూలి వంటి పనుల్లోనే ఉంటారు. కూలి ఎగవేత అక్కడ తరచు వినే ఫిర్యాదు. హాజరీని ఒక చిన్న పుస్తకంలో రోజూ రాయించండి. మేస్త్రీతో మాట్లాడటానికి ఆ పుస్తకం తీసుకొని ఇద్దరు వెళితే చాలావరకు తేలిపోతుంది.

పోలీసులు వచ్చినప్పుడు

విచారణకు వచ్చిన పోలీసులకు సహకరించాలని, కాగితాలు చూపాలని, పారిపోకూడదని, అబద్ధం చెప్పకూడదని బస్తీలో ముందే చెప్పి ఉంచండి. అరెస్టు జరిగితే కారణం చెప్పాలి, బంధువుకో మిత్రుడికో తెలియజేయాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి, న్యాయవాదిని కలవనివ్వాలి. ఇవి రాజ్యాంగంలోని 22వ అధికరణం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఇచ్చిన రక్షణలు, విదేశీయులకూ వర్తిస్తాయి.

మీరు చేయవలసింది స్టేషను ముందు గుమిగూడటం కాదు. ఒకరు న్యాయ సేవల సహాయ నంబరు 15100కు ఫోను చేయాలి. కస్టడీలో ఉన్నవారికి, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని 1987 నాటి న్యాయ సేవల చట్టం ఇస్తుంది. మరొకరు ఫైలు నకలుతో న్యాయ సేవల సంస్థ ఉండే పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఆవరణకో, ఎల్‌బీ నగర్ కోర్టుల సముదాయానికో వెళ్ళాలి. మూడోవారు ఐక్యరాజ్య సమితి సంస్థకు కార్డు నంబరుతో సమాచారం పంపాలి. నాలుగోవారు ఆ ఇంటి పిల్లల దగ్గర ఉండాలి. తల్లిదండ్రులిద్దరినీ తీసుకువెళ్ళిన సందర్భంలో బాలల సహాయ నంబరు 1098కు చెప్పండి. ఎవరు ఏది చేయాలో ఆ రాత్రి నిర్ణయించుకోవడం సాధ్యం కాదు కనుక పేర్లు ముందే గోడ మీద రాసుకోండి.

అధికారుల ముందు, ఇరుగుపొరుగు ముందు

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పౌరులు మాత్రమే చేయగలరు. శరణార్థి ఎంత చదువుకున్నా చేయలేని ఈ పనిని మీరు చేయగలరు. ‘ఈ మండలంలో గత విద్యాసంవత్సరం ఆధార్ లేకుండా చేర్చుకున్న పిల్లలెందరు, ఏ సర్క్యులర్ ప్రకారం?’ అని జిల్లా విద్యాధికారి కార్యాలయాన్ని పది రూపాయల రుసుముతో అడిగితే, ముప్పై రోజుల్లో సమాధానం రావాలి. వ్యక్తుల పేర్లు మాత్రం అడగకండి, మీ దరఖాస్తులోనూ రాయకండి. ఆ సమాధానంతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి వెళ్ళండి.

అర్జీ ఒకే సమస్య మీద ఉండాలి. శరణార్థులకు న్యాయం చేయండి అని రాస్తే ఏ సెక్షనుకు పంపాలో తెలియక అది తిరుగుతూనే ఉంటుంది.

బస్తీ చుట్టూ ఉన్న పేదలకు కూడా నీళ్ళ ట్యాంకరు సరిగ్గా రాదు, వారి పిల్లలకూ బడిలో గది లేదు. వచ్చినవాళ్ళకే అన్నీ ఇస్తున్నారన్న మాట అక్కడి నుంచే పుడుతుంది. దానిని ద్వేషమని కొట్టిపారేయడం నాకు సరికాదనిపిస్తుంది. ట్యాంకరు కోసం రాసే అర్జీలో గల్లీలోని అందరి సంతకాలూ తీసుకోండి. వైద్య శిబిరం పెడితే రెండు వైపులవారికీ పెట్టండి. రాజకీయ వేదికలకు, ఎన్నికల నెలల్లో టీవీ చర్చలకు దూరంగా ఉండండి. అక్కడ మీరు గెలిచినా బస్తీ ఓడిపోతుంది.

డబ్బు

ఖర్చు ఆటోలకు, జిరాక్సులకు, కోర్టు కాగితాలకే ఎక్కువ. ఇల్లిల్లూ కొంత వేసుకొని రశీదు పుస్తకం పెట్టుకోండి. అమెరికాలో ఉన్న అల్లుడు వెయ్యి డాలర్లు పంపుతానంటే ఆగి ఆలోచించండి. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం అనుమతి లేని బృందం విదేశీ విరాళం తీసుకోరాదు. అతనిది భారత పాస్‌పోర్టే అయి, సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకొని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) మీద ఉంటే, మన ఇంటి అల్లుడే అయినా, చట్టం దృష్టిలో అది విదేశీ సొమ్మే.

కుటుంబం ఊరు మారినప్పుడు

పని కోసమో, బంధువుల కోసమో కుటుంబాలు జమ్మూకు, ఢిల్లీకి, హరియాణాలోని నూహ్‌కు వెళ్ళిపోతుంటాయి. చాలాసార్లు ముందురోజు రాత్రి గానీ చెప్పరు. అందుకే ఫోల్డరు ఎప్పుడూ ప్రయాణానికి సిద్ధంగా ఉండాలి: బడి టీసీ లేదా కనీసం బోనఫైడ్, పిల్లల టీకాల కార్డులు, జనన ధ్రువపత్రాలు, క్షయ మందులు వాడుతున్నవారికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ నమోదు నంబరు, ఇంకా పదిహేను రోజులకు సరిపడా మందులు. చిరునామా మార్పును యూఎన్ కార్యాలయానికి తెలియజేయమని గుర్తుచేయండి. మీ దగ్గరున్న నకలును వారు అడిగితే ఇచ్చేయండి, వద్దంటే వారి ఎదుటే చింపేసి, రిజిస్టరులో ఆ పేరు ఎదుట తేదీ వేసి సంతకం చేయండి.